కావాలని వదిలిన తప్పు

స్వాన్సీలో గురువారం. సముద్రం మీంచి వచ్చే వాన
కిందికి కురవదు, అడ్డంగా కొడుతుంది.
తొమ్మిదిమంది రావాల్సిన ట్యుటోరియల్‌కి ఐదుగురొచ్చారు,
తడిసిన కోట్లు రేడియేటర్ మీద ఆరేసుకుని.

డిపార్ట్‌మెంట్ నాకో ఫారం ఇచ్చింది:
ఏఐ వాడకంపై విద్యార్థుల అభిప్రాయాలు సేకరించగలరు.
ఫారం మడిచి పక్కనపెట్టి
ఊరికే అడిగాను.

రియాన్ ముందుగా అంది:
"అక్షరాలు నాకు తడి సబ్బులాంటివి, పట్టుకుంటే జారతాయి.
అది చదివి వినిపిస్తుంది. పదోసారి అడిగినా విసుక్కోదు.
బళ్లో అందరూ విసుక్కున్నారు."

గెథిన్ రాత్రంతా బేకరీలో ఉన్నాడు, కనుబొమ్మల్లో ఇంకా పిండి.
"నలభై పేజీల్ని నాలుగు వాక్యాలు చేసిపెట్టింది.
ఆ నాలుగూ గడగడా ఒప్పజెప్తాను.
కానీ ఏంటో,
తినకుండానే చెయ్యి కడుక్కున్నట్టుంటుంది."

ఓషన్ భుజాలెగరేశాడు.
"నేను వాడను. వాడనంటే నమ్మేవాళ్లే లేరు."

తహ్మీనా చాలాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చుంది.
"పోయిన టర్మ్‌లో నా వ్యాసం నాది కాదన్నారు.
మరీ శుభ్రంగా ఉందట.
మూడు వారాలు చిత్తుప్రతులు మోసుకు తిరిగాను,
ఇదిగో నా కొట్టివేతలు, ఇదిగో నా టీ మరక అంటూ.
అప్పట్నుంచీ పేజీకో తప్పు పెడుతున్నాను.
ఎక్కడ పెట్టాలన్నదే
రాయడం కన్నా కష్టంగా ఉంది."

ఎవరూ నవ్వలేదు.
ఐదో అబ్బాయి కిటికీలోకి చూస్తున్నాడు, ఏమీ అనలేదు.

నా సంగతి నేనూ చెప్పలేదు.
ఈ ఉద్యోగానికి దరఖాస్తు దానిచేతే దిద్దించాను.
మూడుచోట్ల నా వినయం కొట్టేసింది. ఉద్యోగం వచ్చింది.
ఓ రాత్రి ఏమీ తోచక తెలుగులో పలకరిస్తే
మీరు ఎలా అనుభూతి చెందుతున్నారని అడిగింది.
మా ఇంట్లో ఎవరమూ ఎప్పుడూ ఏదీ చెందలేదు,
ఒళ్లెలా ఉందే అనేవాళ్లు, అంతే.
ఆ తప్పు చూసి ఎందుకో ప్రాణం హాయిగా ఉండింది.

ఇప్పుడు పదకొండైంది. తహ్మీనా వ్యాసం, రెండో పేజీ,
ఐదో వరుసలో ఒక అక్షరం అటుదిటు.
పెట్టిన తప్పా, పడిన తప్పా?
ఎర్ర పెన్ను అక్కడిదాకా వెళ్లి ఆగింది.
చివరికి పెన్సిల్‌తో ఓ చుక్క పెట్టాను,
కనబడీ కనబడనట్టు.

ఫారంలో అభిప్రాయాలకి మూడు గీతలిచ్చారు.
రేపటికల్లా ఇచ్చేయాలి.