గుడారంలో సముద్రం

ఐదేళ్ళు నిండుతున్నాయి ఆనుదారికి.
"నా పుట్టినరోజు సముద్రంలో చెయ్యాలి" అంది
సాక్సులు తొడుక్కుంటూ,
అదేదో పక్క వీధి దుకాణమైనట్టు.

మా దేశానికి సముద్రం లేదు.
ఉలాన్‌బాతర్ కొండవాలున గుండ్రటి మా గుడారం,
బయట మైనస్ ముప్ఫై,
గొంతులో గరగరమనే బొగ్గుపొగ.
సముద్రాన్ని నేను క్యాలెండర్లో తప్ప ఎరగను.
మా ఆయన మాత్రం ఒకసారి
లారీ తోలుకుంటూ తియాన్‌జిన్ రేవు దాకా వెళ్ళొచ్చాడు.
ఎలా ఉంటుందని అడిగితే
చాలాసేపు ఆలోచించి
"తడిగా ఉంటుంది" అన్నాడు.

సరే.
ఫ్యాక్టరీలో మిగిలిన నీలం లైనింగు గుడ్డ
పదహారు మీటర్లు, జీతంలో పట్టుకోమని తెచ్చాను.
జాలీ గోడల చుట్టూ, పైకప్పు బద్దల మీదుగా
నడినెత్తి కిటికీ దాకా లాగి కట్టాను.
నురగకి ఉన్ని. ఉన్నికేం కొదవ మాకు!
ఆక్టోపస్‌కి ఏడో కాలు దగ్గర కాగితం అయిపోయింది.
ఉన్నవాటినే కాస్త ఎడంగా అతికించాను
ఎవరు లెక్కపెడతార్లే అని.
మొట్టమొదట వచ్చిన పిల్లే లెక్కపెట్టింది.

అత్తగారు దుల్మా ముక్కున వేలేసుకుంది.
ఆవిడకి నీళ్ళంటే బావి, మంచు, టీ.
అయినా కుడుములు చుట్టేటప్పుడు
అంచులు నొక్కి నొక్కి తోకలు దిద్దింది,
రెండేసి మిరియాలు కళ్ళు పెట్టింది.
అన్నీ గొర్రెమాంసం చేపలే.

పిల్లలు దిగబడ్డారు.
టోపీలు తీస్తే మొప్పలు,
కోట్లు విప్పితే పొలుసులు.
"సముద్రం మధ్యలో పొయ్యేమిటి?" అని
ఒక సొరచేప పోట్లాటకొచ్చింది.
"నీళ్ళ కింద అగ్నిపర్వతాలుంటాయి, టీచర్ చెప్పింది"
అంది జెల్లీచేప.
పొయ్యి గెలిచింది. ఇంకో రెండు బొగ్గులు వేశాను.

అందరికంటే చివర మిష్‌గా వచ్చాడు.
పోయిన చలికాలం మంద మొత్తం మంచులో పోగొట్టుకుని
మా వీధి చివర కొత్తగా గుడారం దింపినవాళ్ళ అబ్బాయి.
సముద్రం సంగతి వాళ్ళకి చెప్పాల్సింది నేనే.
మరిచిపోయాను.
వాడు పండగ బట్టల్లో వచ్చాడు,
మోకాళ్ళు దాటిన తెల్లటి గొర్రెతోలు కోటు,
చేతిలో కానుకగా ఎండుపెరుగు ముక్కల పొట్లం.
గడప తొక్కకుండా గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"సముద్రంలో గొర్రె!" ఎవరో కిసుక్కుమన్నారు.
నేను కుట్టుపెట్టె బోర్లించి
నీలం పీలిక ఒక్కటైనా దొరక్కపోతుందా అని
దేవులాడుతున్నాను.

ఆనుదారి వాణ్ణి కిందికీ పైకీ చూసింది.
"గొర్రె కాదు. వీడు దీవి."

అంతే.
చెయ్యి పట్టుకు తెచ్చి నడిమధ్యన కూలేశారు.
మధ్యాహ్నమంతా చేపలు వాడి చుట్టూ ఈదాయి,
అలిసినవి వాడి ఒళ్ళో వాలాయి,
ఒక తాబేలు వాడి కోటు మడతల్లో
మూడు పింగ్‌పాంగ్ గుడ్లు పెట్టి మరిచిపోయింది.
కేకు ముక్క చేతులు మారి మారి
సగం నురగ అంటించుకుని వాడి దాకా కొట్టుకొచ్చింది.
చెమటలు కారుతున్నా కోటు విప్పనన్నాడు.
విప్పితే ఇక దీవెక్కడిది?

"సముద్రం నీళ్ళు ఉప్పగా ఉంటాయట కదా" అంది జెల్లీచేప.
దుల్మా ఏమీ అనలేదు.
ఉప్పు వేసి కాచిన పాలటీ
గిన్నెల్లో పోసి అందరి ముందూ పెట్టింది.
తాగి, పెదాలు నాక్కుని,
"ఇదేనా! ఇది మా ఇంట్లో రోజూ ఉంటుంది"
అని పెదవి విరిచింది సొరచేప.
ఇంకో గిన్నె అడిగింది.

రాత్రి మా ఆయన స్టూలెక్కి ముడులు విప్పబోతే
"రేపు చూద్దువులే, దిగు" అని అత్తగారు కసిరింది.

తెల్లారకముందే తలుపు కిర్రుమంది.
అదే కోటు, కనురెప్పల మీద మంచు.
తల ఒక్కటే లోపలికి పెట్టి
"ఇంకా ఉందా?" అన్నాడు.

నేను పొయ్యి రాజేస్తున్నాను.
ఉంది, తలుపెయ్యి, చలొస్తోంది అన్నాను.

లోపలికొచ్చి వేశాడు.