ఊరికే నడిచేదానికి టిక్కెట్టు

బద్వేలు బస్సు మమ్మల్ని దించేసి
దుమ్ము మాత్రం మాకు వదిలి పోయింది.
ఐదుమందిమి. చిత్రాన్నం గిన్నె, మూడు నీళ్ల సీసాలు,
మా అత్త హుసేనమ్మకు కొత్త హవాయి చెప్పులు.

గేటు కాడ పిల్లోడు రశీదు చింపుతుంటే
ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది:
"ఊరికే నడిచేదానికి టిక్కెట్టా?
యాడికి పోతాం, ఏం తెస్తాం?"
"యాడికీ పోం జేజీ, ఏమీ తేం.
రెండు కిలోమీటర్లు పోయి మళ్లా వస్తాం" అంది రజియా.
ఏడో తరగతి. దానికన్నీ లెక్క ప్రకారం కావాలి.
"అదేం పని మే!"

లంకమల ఇంకా సగం మంచులోనే,
దుప్పటి తీయని బద్ధకస్తుడిలా.
దారి మెత్తన. ఎక్కేదేమీ లేదు.
ఇరుపక్కలా రేగు, గొట్టి, కలివి,
నడుమ నడుమ చండ్ర చెట్టు.

మా ఆయన దస్తగిరి బండల పాలీషు మిషను మనిషి.
అడవికొచ్చినా కళ్లు కిందికే.
"ఇది ముప్పావు అంగుళం లేస్తాది,
ఇది నడిమికి పగుల్తాది" అని
దారిపొడుగునా రాళ్లకు ధర కడుతున్నాడు.
అర్ధగంట నడిచినాక గమనించాను:
దగ్గు లేదు.
చెప్పలేదు,
చెబితే గుర్తొచ్చి దగ్గుతాడేమోనని.

చిన్నోడు మౌలాలి
ప్రతి రేగిచెట్టుకూ బాకీ ఉన్నట్టు ఆగుతాడు.
ముల్లు గుచ్చుకుంటే ఏడవడు,
పండు పుచ్చయితే ఏడుస్తాడు.

అందరికంటే ముందు మా అత్త.
దర్గా మెట్లెక్కమంటే గొణిగే మోకాళ్లు
ఇక్కడ కిక్కురుమనలేదు.
చెప్పులు విప్పి చేత పట్టుకుంది.
కుడిచెయ్యి మాత్రం మాటిమాటికీ నెత్తిమీదికి పోతోంది,
ఏమీ దొరక్క దిగుతోంది,
మళ్లీ పోతోంది.

"ఏందత్తా, తలనొప్పా?"
"మోపు లేదు గదమ్మీ.
ఎట్ల నిలబడాల్నో మెడకు తెలీడంల్యా."

వంక ఒడ్డున చిత్రాన్నం తింటూ చెప్పింది.
పెళ్లయిన కొత్తలో ఇదే దారంట,
చీకటితో వచ్చి కట్టెలు కొట్టుకుని పోయేది.
గార్డు బూట్ల చప్పుడైతే
మోపు పొదలోకి తోసి
కలివిపండ్లు ఏరుకుంటున్నట్టు నటించేది,
పండ్లు లేని కాలంలో కూడా.

మలుపులో, పొదల సందున
జల్లెడ పట్టిన మట్టి,
మంచం వెడల్పున, అలికినట్టు నున్నగా.
వాచరు పెంచలయ్య చెయ్యి అడ్డం పెట్టాడు.
"కలివికోడి కోసం పరిచినాం.
రాత్రిపూట తిరుగుతాది. మూడే వేళ్లు, మూడూ ముందుకే.
అడుగు పడితే పొద్దున్నే తెలుస్తాదని."
"పడిందా?" రజియా.
"నేను చేరి పదకొండేండ్లు. కుందేలు పడింది, నక్క పడింది.
ఒకసారి నిద్దరమబ్బులో నాదే పడింది."
అది నవ్వలేదు. నోటుబుక్కులో రాసుకుంది.

అంతలో మౌలాలి చేతిలోంచి రేగిపండు జారింది.
పండు వెనక వాడు.
మట్టి నడిమధ్య రెండు పాదాలు,
పది వేళ్లు, ఒక్కటీ తప్పిపోకుండా.
దస్తగిరి చెయ్యెత్తాడు.
పెంచలయ్య ఉసూరుమని పొరక తీశాడు.

"పొరకతో గీతలు పడతాయి నాయనా, ఉండు."
మా అత్త తంగేడు కొమ్మ పట్టుకుని
విరవబోయి, ఆగింది.
"విరుచుకోవచ్చునా?"
అతను తలూపాడు.
నడుం వంచి, వెనక్కి వెనక్కి జరుగుతూ
కొమ్మను మట్టిమీద ఆనీ ఆననట్టు ఈడ్చింది.
వాడి వేళ్లు పోయాయి, మడమలు పోయాయి,
చివరికి ఆమె అడుగులూ పోయాయి.
మనిషనేవాడు ఇటు రానే లేదు.

పెంచలయ్య ఒంగి చూశాడు, అటు నుంచీ ఇటు నుంచీ.
"యాడ నేర్చినావమ్మా?"
"మీ డిపార్టుమెంటోళ్లే నేర్పించినారు."

తిరిగి రోడ్డెక్కినాక
బస్సుకు చెయ్యెత్తి నిలబడ్డాం.
మౌలాలి వాళ్ల నాయన భుజం మీద నిద్ర,
అరికాళ్లకింకా ఆ మట్టి.
మా అత్త గేటు టిక్కెట్టును
నాలుగు మడతలు పెట్టి కొంగుకు ముడేసుకుంటోంది.
"ఇంకెందుకత్తా అది?"
"ఉండనీలే.
ఎవరన్నా అడిగితే చూపిద్దాం."