తలవైపు నుంచి

చేపను తలవైపు నుంచి పెట్టాలి.
తోకవైపు నుంచి పెడితే పొలుసులు ఎదురు తిరిగి
గొంతు గీరుకుపోతుంది.
మొదటిరోజు లువుయో నాకు నేర్పిన పాఠం ఇదొక్కటే.
నా కడగొట్టు కొడుకు కంటే చిన్నవాడు.
నవ్వొచ్చింది నాకు.
ఇరవై ఆరేళ్ళు సార్డీన్ల ఫ్యాక్టరీలో
ముందుగా కోసి పారేసింది తలలనే.

సెయింట్ హెలీనా బేలో పడవ వస్తే సైరన్ కూసేది.
రాత్రి రెండైనా సరే,
పాలు తాగే బిడ్డను పక్కింటి ఒళ్ళో పడేసి
రబ్బరు బూట్లలోకి కాళ్ళు దూర్చి
ఊళ్ళో ఆడవాళ్ళమంతా పరుగు.
డబ్బాకు ఆరు చేపలు. పొట్టలన్నీ ఒకే వైపు.

ఆ తర్వాత సైరన్ కూతలు పలచబడ్డాయి.
చేపలు తూర్పుకు పోయాయన్నారు,
నీళ్ళు వేడెక్కాయన్నారు.
అడుగంటా మనమే తోడేశామని
ఎవరూ అనలేదు. నేనూ అనలేదు.
గేటుకు తాళం పడిన రోజు
తలా రెండు డబ్బాలు చేతిలో పెట్టారు.
ఒకటి ఇంకా మూత తీయకుండానే ఉంది.

అదే చేప కోసం ఈ పక్షులూ ఈదాయి,
పొద్దుటి నుంచి పొద్దుగూకే దాకా,
పిల్ల నోట్లో కక్కడానికి ఏమీ లేని కడుపుతో
ఇసుకలో గుంట దాకా నడిచి.

మా తాత దీవుల్లో పెంగ్విన్ గుడ్లు ఏరేవాడు.
ఎంత ఉడికినా తెల్లసొన గట్టిపడదు,
గాజులా వణుకుతుంది.
ఐదేళ్ళప్పుడు తిన్నాను.
బాగుంది. అబద్ధమెందుకు?

మూడువందల పద్దెనిమిది
అరటిపళ్ళ అట్టపెట్టెలో వచ్చింది.
ఓడ ఒకటి రాళ్ళెక్కి నూనె కక్కిన వారం.
నిలువెల్లా తారు ముద్ద,
కళ్ళు మాత్రం రెండు ఎర్రటి సూదిపోట్లు.
ఒకరు పట్టుకోవాలి, ఒకరు కడగాలి.
లువుయో పడతాడు. నేను కడుగుతాను.
గోరువెచ్చని నీళ్ళు, గిన్నెలు తోమే సబ్బు,
కంటి చుట్టూ పిల్లల టూత్‌బ్రష్.
ఏడు తొట్లు మారితే గానీ పొట్ట తెలుపు తేలలేదు.
వీపు దగ్గరే చిక్కు.
నూనె నలుపు వేరు, దాని సొంత నలుపు వేరు.
రెండింటికీ తేడా వేలికి తెలిసేదాకా తోమాలి.

గాడిదలా ఓండ్రపెట్టింది ఆ రాత్రి.
హమ్మయ్య, గొంతుంది.

పేర్లు పెట్టొద్దంటుంది డాక్టర్ ఫాల్డీలా.
పెట్టను. నంబరుతోనే తిడతాను.
మొప్ప కింద విటమిన్ మాత్ర దాచి
చేప అందిస్తే, చేప మింగి మాత్ర ఉమ్మేస్తుంది.
మోచేతి దాకా నాకు గాట్లే,
అత్తగారితో కాపురం చేసినట్టు.

పక్క గదిలో గానెట్ మాత్రం తెల్లారేసరికి పోయింది.
మనిషి నిలువంత రెక్కలు, సంచిలో పట్టవు.
లువుయో విరవలేదు.
ఒక్కో కీలూ మెల్లగా మడిచాడు,
ఎవరిదో మంచి చొక్కా మడిచినట్టు.
టీ తాగుతావా అంటే తల ఊపాడు.
కప్పు చల్లారిపోయింది.

ఆరో వారం కొలనులో గంట ఈదించి
పొట్ట మీద ఈకలు విడదీసి వేలు పెట్టాను.
తడి.
ఏడో వారం కూడా తడే.
ఎనిమిదో వారం వేలు పెడితే
చర్మం పొడిగా, వెచ్చగా,
రొట్టె లోపలి మెత్తదనంలా.

బెట్టీస్ బే ఇసుక మీద పెట్టె పక్కకు వంచాం.
మిగతావి గుంపుగా, తొట్రుపడుతూ, అలలోకి.
మూడువందల పద్దెనిమిది ఆగింది.
ఫోటో తీసేవాళ్ళు ఊపిరి బిగబట్టారు.
అది నా వైపే నడిచొచ్చింది,
బూటుకు పైన, ప్యాంటుకు కింద, ఖాళీ చోటు చూసుకుని
కండ ఊడేలా కొరికింది.
తర్వాత నీళ్ళలో ఏది అదో
నాకు తెలియలేదు.

తిరుగు టాక్సీ కిక్కిరిసి ఉంది,
నా పక్క సీటు తప్ప.
ఆ రోజుల్లోనూ ఇంతే. చేప వాసన
మనిషికి ముందే ఎక్కి కూర్చుంటుంది.
డబ్బులు వసూలు చేసే కుర్రాడు కిటికీ తోస్తూ
"ఆంటీ, ఫ్యాక్టరీ మళ్ళీ తెరిచారా?" అన్నాడు.
చిల్లర లెక్కపెట్టి చేతిలో పెట్టాను.
"లేదు నాయనా, షిఫ్టు మారింది."