ఒకే గడి

సనద్ ఆఫీసు కుర్రాడు తల ఎత్తకుండానే అడిగాడు:
"నిషాత్?"
ఏం పని చేస్తారు, అని.
ఫారంలో గడి ఒక్కటే, వేలెడంత.
ఇంకో పని రాస్తే ఇంకో రుసుము.

నేను షంసా వైపు చూశాను.
షంసా ఫ్యాను వైపు చూసింది.

ఏం పనని చెప్పేది నాయనా?
రువీలో పొద్దున ఏడింటికి మా షట్టరు లేస్తే
నేను దర్జీని.
డిష్‌డాషా అంచు విప్పి
పిల్లోడు పెరిగినంత మేర కిందికి దించుతాను.
ఎండ గాజుతలుపు ఎక్కేసరికి
చెనిక్కాయల పొడి కొట్టే మనిషిని.
ఎండుమిర్చి ఘాటుకి పక్కకొట్టు సెల్‌ఫోన్ల అబ్బాయి
మలయాళంలో తుమ్ముతాడు.
శుక్రవారం సాయంత్రం వాదీ కబీర్ క్యాంపు మేడ మీద
పదకొండు మంది మేస్త్రీలకి, ఒక క్రేను డ్రైవరుకి
చెక్కభజన అడుగులు నేర్పే గురువమ్మని.
నాకెవరూ నేర్పలేదు.
ఆడపిల్లకెందుకన్నారు.
తలుపు సందులోంచి చూసి
కాళ్ళు వాటంతటవే దొంగిలించుకున్నాయి.

రెండు పడవల మీద కాళ్ళు పెట్టకే ఓబులమ్మా అనేది
కువైట్‌లో నాతో పాటు గిన్నెలు తోమిన కాంతమ్మక్క.
ఉన్నవి మూడు పడవలక్కా,
కాళ్ళు చూస్తే రెండే.
కానీ మత్రా రేవులో ఒకరోజు చూశాను:
పడవని పడవకి తాడేసి కట్టి
ఒకడు టీగ్లాసు ఒలకకుండా
ఈ చివర్నుంచి ఆ చివరికి నడిచిపోయాడు.
అప్పట్నుంచీ నా ధ్యాస తాడు మీదే.

లైసెన్సు షంసాది. వాళ్ళమ్మ జాంజిబార్ నుంచి తెచ్చిన సూదులూ ఆమెవే.
కుమ్మా టోపీకి కంటికానని చిల్లులు పొడిచి
వాటి చుట్టూ దారం తిప్పుతుంది.
నేను తొందరపడితే "పోలే పోలే" అంటుంది,
మెల్లగా, మెల్లగా.
కాజాలు నిల్మిణివి, లెక్కలూ ఆమెవే.
సింహళంలో రాస్తుంది.
ఆ గుండ్రటి అక్షరాలు మనవాటికి మేనత్త కూతుళ్ళు.
చదవబోతే ఒక్కటీ పలకదు.

అంతా తీపేమీ కాదు.
పండక్కి నాలుగు రోజులుందనగా
పొడి కలిపిన చేత్తో తెల్లటి టోపీ పట్టుకున్నాను.
షంసా పద్దెనిమిది రాత్రుల పని.
ఎర్రటి నూనె వేలిముద్ర,
సరిగ్గా నుదుటి మీదికొచ్చే చోట.
సబ్బు, నిమ్మకాయ, సుద్దపొడి, ఏడుపు.
ఏదీ పనిచేయలేదు.
షంసా అరవలేదు. అరిచినా బాగుండేది.
రెండు రోజులు నాతో కత్తెరతోనే మాట్లాడింది.
మూడోరోజు నిల్మిణి పుస్తకం తెరిచి
నష్టాన్ని మూడు ముక్కలు చేసింది.
తప్పు నాదొక్కదానిదే కదా అన్నాను.
పొడి అమ్మిన డబ్బు ముగ్గురం తిన్నాం కదా, అంది తలొంచుకుని.
ఆ టోపీలో ఇప్పుడు నా చెక్కలు పడుకుంటాయి.

"నిషాత్?" మళ్ళీ అడిగాడు కుర్రాడు.
వెనక క్యూలో ఎవరో దగ్గారు.
"ఖియాతా" అంది షంసా.
కుట్టుపని.
అతను కొట్టాడు. గడి నిండింది.
బయటికొచ్చాక అడిగాను, మరి మిగతావో?
మిగిలిన రుసుముతో మిషను నూనె కొందాం, అందామె,
అబాయా కొంగు ఎండకి అడ్డంపెట్టుకుని.

రాత్రి పన్నెండు.
నలభై అంచులు బాకీ.
ఏసీ కింద బకెట్టు, చుక్కకీ చుక్కకీ మధ్య ఒక లెక్క.
నా కాలు పెడలు మీద
ఆ లెక్క పట్టుకుని మెల్లగా భజనలోకి జారింది:
తకిట, తకిట, ఒక విరుపు.
"ఓబులా, కుట్టు వంకర పోతోంది" అంది షంసా.

అవును, పోతోంది.
విప్పి మళ్ళీ వేశాను.
కాలు మాత్రం ఆగలేదు.