రోగి లక్ష్యం

స్కూటీ కిందే, పాల బూత్ పక్కన పెట్టేస్తాను.
అక్కణ్ణించి కొండ నాది.
భుజానికి సంచి: బీపీ మిషను, గాజుగుడ్డ, దూది,
బీటాడిన్, చేతి తొడుగులు ఓ జత ఎక్కువ,
ఎవరికీ చెప్పని నా మోకాలి కట్టు.

కంచరపాలెం మెట్లకి ఒక కొలత లేదు.
ఎవరి గుమ్మం ముందు వాళ్లు పోసుకున్న సిమెంటు;
ఒకటి జానెడు, ఒకటి మూరెడు,
అరవై మూడో దాని మీద ఎప్పుడూ ఎవరివో అంట్లు.
మొత్తం నూట పన్నెండు.
వీటి మీదుగానే పప్పల దాలినాయుణ్ణి
నలుగురు కుర్రాళ్లు నులకమంచం మీద దింపారు,
తుంటికి స్టీలు వేయించి
అదే మంచం మీద పైకి తెచ్చారు.
పద్నాలుగు నెలలు. ఆయన మళ్లీ దిగలేదు.

పోర్టులో కళాసీగా చేసినవాడు.
కూత వినగానే పడుకునే చెప్తాడు:
"అది బొగ్గోడ. గొంతు సూడు, నిండుగా వొచ్చింది."
అవునంటాను. నాకేం తెలుసు.
నాకు తెలిసింది ఆయన వీపు.
నడుము కింద అరచేయంత పుండు
రూపాయి బిళ్లంత అయింది,
అంచుల్లో గులాబి రంగు లేచింది.
ఆ రంగు చూసిన రోజు
దిగేటప్పుడు నేను మెట్లు లెక్కపెట్టలేదు.

ఫారంలో ఒక గడి ఉంటుంది: రోగి లక్ష్యం.
"ఏం చెయ్యాలనుంది తాతా, రాసుకుంటాను."
చాలాసేపు కప్పుకేసి చూశాడు.
"ఆ పిట్టగోడ కాడికెల్లి
నిలబడి, నా ఉచ్చ నాను పోసుకోవాల.
మరేటొద్దు."
మంచం కింద బేసిన్ తీస్తున్న అసిరితల్లి
చప్పున తల తిప్పుకుంది, నవ్విందో ఏమో.
గడిలో రాశాను:
'సహాయం లేకుండా మూత్ర విసర్జన.'
ఎంత శుభ్రంగా ఉందో, అంత అబద్ధంగానూ ఉంది.

మంచం నుంచి పిట్టగోడకి పదకొండు అడుగులు.
ఫిజియో కుర్రాడు కనకరత్నం మంగళవారాలు వస్తాడు.
"ముందు కర్ర, తర్వాత చెడ్డ కాలు, అప్పుడు మంచి కాలు."
"కాలికి మంచీ సెడ్డా ఏటి బావూ, రెండూ నావే కదా."
వానాకాలమంతా మూడడుగులు.
దసరా నాటికి ఆరు.
ఒక వారం జ్వరం, మళ్లీ రెండు.

ఓ రోజు ఊరికే, మిషను బయటే ఉంది కదా అని
అసిరితల్లి చేతికి పట్టీ చుట్టాను.
నూట తొంభై.
విప్పి, కాసేపు కూర్చోబెట్టి, మళ్లీ చుట్టాను. అదే.
రాత్రికి నాలుగుసార్లు ఆయన్ని
పక్కకి తిప్పే చెయ్యి అది.
నా రిజిస్టర్లో ఆమెకి పేజీ లేదు.
ఆయన పేజీ వెనకవైపు, పెన్సిలుతో మొదలుపెట్టాను.
"అడ్డపొగ మానెయ్యమ్మా, ముందు అది."
"మానీసేను" అంది,
చుట్ట దాచిన చెంగుముడి మీద చెయ్యేసి.

పదకొండో అడుగు ఒక శుక్రవారం పడింది.
పిట్టగోడ పట్టుకుని నిలబడ్డాడు,
ఓడల కోసం చూశాడు.
కింద ఇంటివాళ్లు ఈలోగా ఇంకో అంతస్తు లేపారు.
హార్బరు ఉండాల్సిన చోట
నల్లటి నీళ్ల ట్యాంకు, ఆరేసిన స్కూలు బట్టలు.
ఏమీ అనలేదు.
"నువ్వటు తిరుగమ్మా" అన్నాడు.
తిరిగాను.
చాలాసేపు ఏ చప్పుడూ లేదు.
తర్వాత, అవతల రేకు మీద సన్నని వాన.
కింద నుంచి ఎవరో తిట్టారు.
"తిట్టనీ" అన్నాడు దాలినాయుడు, ఆపకుండా.

అసిరితల్లి వచ్చి చూడలేదు.
పొద్దున కడిగిన బేసిన్నే మళ్లీ కడిగి
గోడకి బోర్లించింది.
గుమ్మంలో కూలబడి చెంగుముడి విప్పింది.
చుట్ట వెలిగించి
నిప్పు వైపు నోట్లో పెట్టుకుని
కళ్లు మూసుకుంది.

నేను ఆయన నాడి పట్టుకున్నాను.
వాచీ ముల్లుకేసే చూస్తూ
ఒక నిమిషం లెక్కపెట్టాలి.
రెండు నిమిషాలు లెక్కపెట్టాను.