మాట అందించేవాడు

నాకు వేషం లేదు.
ఎడమ తెర వెనక ఒక ప్లాస్టిక్ స్టూలు,
ఎర్ర కాగితం చుట్టిన టార్చిలైటు,
నూట పన్నెండు పేజీల కట్ట.
రాజ్యం ఎవరిదైనా
మాట తప్పితే అందించాల్సింది నేనే.

మా ప్రధానమంత్రి దమయంతి
పగలు మద్దిలపాలెంలో ఎనిమిదో తరగతికి లెక్కలు చెబుతుంది.
నౌకాదళాధిపతి సహకార బ్యాంకులో క్యాషియరు.
శత్రుదేశపు రాయబారి
పూర్ణా మార్కెట్ దగ్గర గొడుగులు బాగుచేస్తాడు.

యుద్ధం మూడు దీవుల కోసం.
పాత దుప్పటికి నీలం పూసి
ఆవగింజలంతేసి చుక్కలు పెట్టాం.
రిహార్సల్లో ఎవరి గ్లాసో ఒలికి
నాలుగో దీవి పుట్టింది.
"అది మాది" అన్నాడు రాయబారి.
"టీ డబ్బులిచ్చింది నేను" అంది ప్రధానమంత్రి.
కడుపుబ్బా నవ్వుకున్నాం.
తర్వాత పది నిమిషాలు
నవ్వు లేకుండా వాదించుకున్నారు.

రెండో అంకం, మంత్రుల సమావేశం.
దీవుల్లో నలభై కొంపలు, ఒక బడి, ఒక దీపస్తంభం.
ఎన్నికలు ఎనిమిది నెలల్లో.
ఆ రెండో సంగతి ఎవరూ అనరు,
కాగితాలు సర్దుకుంటారు.

అప్పుడు కబురు:
శత్రువు ఓడ వెనక్కి తిరిగింది,
మనం గీసిన గీతకు అవతల ఉంది,
మూడొందల మందితో.
"ఆజ్ఞ ఏమిటమ్మా?"
డెబ్బై నాలుగో పేజీ. ఒకటే మాట.
ముంచండి.

ప్రదర్శన నాడు
సరిగ్గా అక్కడ దమయంతి ఆగిపోయింది.
తెర వైపు చూసింది.
ఆ చూపు నాకు తెలుసు, ముప్ఫై ఏళ్ళుగా తెలుసు:
అన్నా, మాట.

నా దగ్గర మాట ఉంది.
వేలి కింద, ఎర్ర వెలుతురులో ఉంది.
గొంతులో మాత్రం
డెబ్బై ఒకటి డిసెంబరు అడ్డం పడింది.

జాలరిపేట. నాకు ఏడేళ్ళు.
దీపం బయటికి కనపడకుండా
కిటికీకి నల్ల కాగితం అంటించింది అమ్మ.
ఆ అర్ధరాత్రి గిన్నెలు వాటంతటవే గలగలమన్నాయి.
రెండ్రోజులు పోయాక అయ్య వలలో
చేపలతో పాటు ఒక దువ్వెన.
నల్లది. మూడు పళ్ళు విరిగినది.
పళ్ళ మధ్య ఒక వెంట్రుక.
"ఎవుల తలదో" అన్నాడు అయ్య.
"ఏ తల్లి దువ్విందో" అంది అమ్మ.
మనోడా ఆళ్ళోడా అని
ఇద్దరూ అడగలేదు.
చూరులో దోపింది. ఆ దువ్వెనతో
ఇంట్లో ఎవరమూ తల దువ్వుకోలేదు,
ఎవరమూ పారెయ్యనూ లేదు.

స్టేజీ మీద ఇంకా ఆమె చూస్తోంది.
సభలో ఎవరో దగ్గి, తప్పు చేసినట్టు ఆపుకున్నారు.
నేను పెదవి విప్పలేదు.
మర్చిపోయిందో, అనలేకపోయిందో
ఆమె కూడా ఇంతవరకు చెప్పలేదు.

అప్పుడు మా క్యాషియరు
మడమలు టపీమని కలిపి సెల్యూట్ కొట్టాడు:
"చిత్తం అమ్మా."
వెనకాల కుర్రాడు రేకు మోగించాడు.
ఓడ మునిగిపోయింది.

ఎవరూ ముంచమనలేదు.

సభంతా లేచి చప్పట్లు.
మర్నాడు పేపర్లో రాశారు,
ఆ మౌనం మహానటన అని.
రచయిత సన్యాసయ్య మురిసిపోయి
డెబ్బై నాలుగో పేజీలో ఆ మాట కొట్టేశాడు.
ఇంక ప్రతి ఊళ్ళోనూ అలాగే ఆడుతున్నాం:
ఆమె చూస్తుంది, అతను సెల్యూట్ కొడతాడు,
రేకు మోగుతుంది.

ఆ రాత్రి బీచి రోడ్డున నడిచి వస్తుంటే
లంగరేసిన ఓడల దీపాలు, యారాడ కొండ చీకటి.
చంకలో దుప్పటి మడత,
నాలుగో దీవి ఏ మడతలో పడిందో.
దమయంతి నా పక్కనే నడుస్తోంది.
కురుసుర దాటేదాకా పలకలేదు.
"ఎందుకు అందించలేదన్నా?" అంది.
"నువ్వెందుకు అడగలేదు?" అన్నాను.
ఇద్దరికీ కోపం వచ్చింది.

ఇప్పుడా పేజీ అంచున
పెన్సిలుతో రాసుకున్నది ఒకటుంది:
ఇక్కడ మాట అందించొద్దు.
ఆ కింద, ఎప్పుడు రాశానో గుర్తులేదు,
అందించకపోయినా ఆగదు.