కాలర్ ఇంకా రాలే

శనివారం షాపు షట్టర్ సగం దించి
వారాసిగూడ బడికి పోయిన.
మూడో తరగతి కార్డు తెరిస్తే
మార్కుల్లేవు, ర్యాంకు గడే లేదు.
కూడికలు: వచ్చినయ్.
అప్పు తెచ్చుకునే తీసివేతలు: వస్తున్నయ్.
చదివింది సొంత మాటల్లో చెప్పుడు: ఇంకా సాయం కావాలె.

"గిదంతా సరే గని మేడమ్,
నూటికి ఎంత?"

ఫిలోమినా మేడమ్ నవ్వలే, విసుక్కోలే.
తియ్యడం మర్చిపోయిన నా మెడల టేపు జూసింది.
"మీ దగ్గర పని నేర్చే పిల్లగాడున్నడా?"
ఉన్నడు, ముస్తఫా.
"వానికి నూటికి ఎంతేస్తరు?"

నోరు తెరిచి మూసిన.
కాజాలు కండ్లు మూస్కొని కుడ్తడు.
జేబు అతికిస్తడు గని
మూల కాడ జర గుంజుకపోతది.
కాలర్ ఇంకా రాలే.
గియన్నీ కలిపి అరవై రెండు అంటే
రేపు ఏం నేర్పాలెనో నాకెట్ల తెలుస్తది?

మెట్లు దిగుతుంటే బామ్మర్ది ఫోను:
"మావోడికి తొంభై ఆరు. మీ పాపకెంత?"
"అప్పు తెచ్చే తీసివేతలు వస్తున్నయట" అన్న.
అటు దిక్కు చప్పుడు లేదు.
నిజం జెప్తే, నా కడుపుల గూడ
ఆ అంకె ఆకలి అట్లనే ఉంది.

రాత్రి ఇందుజ కటింగ్ టేబులెక్కి కూసుంది.
నలభై రెండులకెల్లి పదిహేడు.
పదుల ఇంట్ల అప్పు తెచ్చింది,
అక్కడ ఒకటి తగ్గించుడు మర్చింది.
"ముప్పై అయిదు!"

తప్పని అనలే.
టేపు నలభై రెండు దాకా పరిచి
పదిహేడు మడిచిన.
"మిగిలింది ఎంచు బిడ్డా."